పద్దు నుండి కరకట్ట వరకు

ఒక మాఘ పూర్ణిమకు మేము హంసలదీవికి పోయితిమి. సంగమస్నానమునకు వచ్చు జనుల కోలాహలమును శబ్దగ్రహణము చేసికొని వచ్చుట మా పని. అవనిగడ్డ దాటి కోడూరు మీదుగా పోవునప్పుడు దారికి ఇరుప్రక్కల వరి కోసిన చేలలో మినుము కాయపట్టియున్నది. వేణుగోపాలస్వామి ఆలయమువద్ద బండ్లు, ఆటోలు, లారీలు కిక్కిరిసి యున్నవి. ఇచట కృష్ణలో మునిగిన కాకి హంసయై లేచినదని స్థలకథ. ఊరికి ఆ పేరు అందుచేతనే వచ్చినదని చెప్పుదురు. జనము స్నానమునకు పోవుచుండగా, గాలి హోరు తక్కువగా నుండు చోటు వెదకుచు మేము పాలకాయతిప్ప వైపు కరకట్ట ఎక్కితిమి.

ఆ కట్టమీద ఒక పెద్దరైతు మాకు తోడు వచ్చినాడు. మా పెట్టెలను, తీగలను కాసేపు చూచి, "రేడియోవాళ్లు గదా, మీకు తెలిసే ఉంటుంది. ఈ కట్టకు ఎంత వచ్చిందండీ, ఎంత పోశారండీ?" అని అడిగినాడు. మాకు తెలియదు. తెలియదని చెప్పితిమి. అతడు మరల అడుగలేదు. కాని ఆ ప్రశ్న మాతో విజయవాడ వరకు వచ్చినది. అంత సులభమైన ప్రశ్నకు జవాబు చెప్పవలసిన వారెవరు, ఆ జవాబు ఏ త్రోవను వచ్చి ఆ కట్టమీద నిలుచున్న మనిషికి చేరవలెను అన్న సంగతినే ఈ ప్రసంగములో కొంత విచారింతము.

దివిసీమవారికి నీటి త్రోవ తెలియును. విజయవాడవద్ద ప్రకాశం బ్యారేజి నుండి బయలుదేరిన నీరు కాలువలు, లాకులు, తూములు దాటి, పులిగడ్డవద్ద అక్విడక్టు మీదుగా నది పాయను దాటి, దివిసీమలో ప్రవేశించి, చిట్టచివరకు కోడూరు, నాగాయలంక ప్రాంతములకు వచ్చును. వచ్చినచో వచ్చినట్లు, రానిచో ఉప్పునీరు వచ్చునట్లు. తలకాలువ రైతు గట్టున నిలిచి నీటి వడి చూచును. శివారు రైతు చేలో నిలిచి నీరున్నదా లేదా అని మాత్రమే చూచును. ప్రభుత్వము ఖర్చుపెట్టు సొమ్మునకు కూడ ఇట్టి త్రోవయే ఉన్నది. దానికిని తల, శివారు ఉన్నవి. దారిలో గండ్లును ఉన్నవి. భేదమేమనగా, నీటి త్రోవను ఊరిలో ప్రతివాడును ఎరుగును, సొమ్ము త్రోవను ఎరిగినవారు తక్కువ.

సొమ్ము త్రోవకు తలకాలువ శాసనసభయే. మన రాజ్యాంగము ప్రకారము రాష్ట్ర సంచిత నిధి నుండి ఒక రూపాయి తీయవలెనన్నను సభ చేసిన చట్టము ఉండవలెను. కేంద్రమునకు 114వ అధికరణము, రాష్ట్రములకు 204వ అధికరణము ఈ మాటనే చెప్పుచున్నవి. ఏటేట మంత్రులు తమ తమ శాఖలకు కావలసిన మొత్తములను పద్దులుగా సభ ముందు పెట్టుదురు. సభ్యులు వానిపై చర్చించి, కోత తీర్మానములు తెచ్చి, చివరకు ఆమోదింతురు. పిదప ద్రవ్య వినిమయ బిల్లు వచ్చును. ఇది పుస్తకములో ఉన్న విధానము. ఆచరణలో కాలము చాలక, చర్చకు రాని పద్దులన్నిటిని ఒక్కమారుగా ఓటుకు పెట్టి ముగించుట పరిపాటియైనది. దానిని గిలటిన్ అందురు. ఫ్రెంచి విప్లవములో తలలు నరికిన యంత్రము పేరును సభలవారు తమ పనికి పెట్టుకొనుట ఒక విచిత్రము. 2023 మార్చిలో లోక్‌సభలో సుమారు 45 లక్షల కోట్ల రూపాయల వ్యయము గల బడ్జెటు పద్దులు చర్చ లేకుండగనే, ఇరుపక్షముల కేకల నడుమ, నిమిషములలో ఆమోదము పొందినవి. తలకాలువవద్దనే షట్టరు ఎత్తి, ఎన్ని క్యూసెక్కులు పోవుచున్నవో కొలుచువారు లేకపోయినచో శివారుకు ఏమి వచ్చునో దివిసీమవారికి మేము చెప్పనక్కరలేదు.

అయినను పద్దు ఆమోదించుటతో సభ పని ముగియదు. ఇచ్చిన సొమ్ము ఇచ్చిన పనికే పోయినదా, ఎంత పోవలెనో అంతే పోయినదా, పోయిన సొమ్మునకు తగిన ఫలము దక్కినదా అని చూచుట సభకు రెండవ బాధ్యత. ఈ రెండవ బాధ్యత కొఱకే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ అను పదవిని రాజ్యాంగము 148వ అధికరణములో కల్పించినది. వాడుకలో ఈ అధికారిని కాగ్ అనుచున్నాము. రాజ్యాంగములోని అధికారులందరిలోను బహుశః ఈ అధికారియే ముఖ్యుడని డాక్టరు అంబేడ్కరు రాజ్యాంగ పరిషత్తులో అభిప్రాయపడినారు. ఆడిటు నివేదికలు కేంద్రములో రాష్ట్రపతికి, రాష్ట్రములో గవర్నరుకు అందును. వారు వానిని సభలయెదుట ఉంచవలెను. అచట నుండి అవి ప్రజాపద్దుల కమిటీకి పోవును.

ఈ కమిటీ మన దేశమునకు 1921లో, మాంటేగు-చెమ్సుఫర్డు సంస్కరణల వెంట వచ్చినది. ఇంగ్లండులో అంతకు అరువది సంవత్సరముల ముందే, 1861లో, గ్లాడ్‌స్టన్ ఆర్థికమంత్రిగా నుండగా ఏర్పడినది. మన పార్లమెంటు కమిటీలో 22 మంది సభ్యులు, లోక్‌సభ నుండి 15, రాజ్యసభ నుండి 7. మంత్రి అందులో సభ్యుడు కారాదు. 1967 నుండి ప్రతిపక్ష సభ్యునినే అధ్యక్షునిగా నియమించు సంప్రదాయము నిలిచినది. మన పి. వి. నరసింహారావు 1978-79లో ప్రతిపక్షమున నుండి ఈ కమిటీకి అధ్యక్షత వహించిరి. ఆయన ప్రధానిగా చేసిన పనిని గురించి తెలిసినంతగా ఈ సంగతి జనులకు తెలియదు. ఖర్చైన తరువాత చూచు కమిటీ ఇది కాగా, ఖర్చులో పొదుపునకు త్రోవ చూపు అంచనాల కమిటీ 1950లో వచ్చినది. దానికి తొలి అధ్యక్షుడు చిత్తూరు సీమవాడైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. 1964లో ప్రభుత్వరంగ సంస్థలకు వేరొక కమిటీ ఏర్పడినది.

పార్లమెంటు మన కృష్ణా గోదావరీ కాలువలను గురించి ప్రశ్నలడుగుట స్వరాజ్యముతో మొదలైనదని తలచుట పొరపాటు. కృష్ణమీద మొదటి ఆనకట్ట 1852 నుండి 1855 వరకు కెప్టెన్ ఆర్ ఆధ్వర్యవమున కట్టబడినది. దాని వెనుకనున్న ఆలోచన సర్ ఆర్థర్ కాటన్‌ది. అంతకు రెండు దశాబ్దుల ముందు, 1832-33లో, గుంటూరు సీమను డొక్కల కరువు ఊడ్చిపెట్టియుండెను. ఆనకట్ట వచ్చిన పిదప డెల్టా అన్నపూర్ణయైనది. కాని దానికి తగిన డబ్బు రావలెనన్నచో దొరలను ఒప్పింపవలసి వచ్చినది. వారు అడిగిన ప్రశ్న ఒక్కటియే: ఇందులో లాభమెంత?

1876-78 నాటి మహాక్షామములో దక్షిణదేశమున లక్షలాది జనులు మరణించిన పిదప బ్రిటిషు కామన్సు సభ భారతదేశపు ప్రజాపనుల వ్యయమును గురించి ఒక సెలెక్టు కమిటీని వేసినది. 1878లో, డెబ్బదియైదేండ్ల వయస్సున, కాటన్ ఆ కమిటీ యెదుట సాక్ష్యమిచ్చినాడు. రైలుమార్గములకు పోసిన సొమ్ములో కొంత కాలువలకు పెట్టినచో క్షామములు తగ్గుననియు, దేశమంతట నౌకాయానమునకు కాలువలు త్రవ్వవలెననియు ఆయన వాదము. కమిటీ ఆయన మహాపథకమును సమ్మతించలేదు. కాటన్ అభిమానులు దానిని అన్యాయమందురు. మేము కూడ డెల్టా అన్నము తినువారమే కనుక ఆయన పక్షముననే మా మనసు మొగ్గును. కాని కమిటీకి భయపడుటకు కారణము లేకపోలేదు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అను సంస్థకు పదిలక్షల పౌండ్ల మూలధనముపై నూటికి ఐదు చొప్పున వడ్డీకి ప్రభుత్వము హామీ ఇచ్చియుండెను. కంపెనీ త్రవ్విన కర్నూలు-కడప కాలువ ఆశించిన ఫలమియ్యలేదు. నష్టము వచ్చినను వడ్డీ వచ్చునన్నచో జాగ్రత్త ఎవనికి ఉండును? తుదకు 1882లో ఆ కాలువను ప్రభుత్వమే కొనవలసి వచ్చినది. నేడు గుత్తల విషయమై ఆడిటువారు వ్రాయుచున్న ఆక్షేపణలు చదివినప్పుడెల్లను మాకు ఈ పాతకథయే గుర్తుకు వచ్చుచుండును.

ఆ లండను కమిటీలో లేనిదొకటి మాత్రము చెప్పవలెను. అందులో కృష్ణ ఒడ్డున దుక్కిదున్నువాడు లేడు, వాడు ఓటు వేసి పంపిన మనిషియు లేడు. నేడు ఆ మనిషి ఉన్నాడు. అందువలన ప్రశ్న లాభముతో ఆగదు. కట్ట నిలుచునా లేదా అన్నంత వరకు పోవలెను.

కట్ట సంగతి దివిసీమకు ప్రాణము సంగతి. 1864 నవంబరు ఒకటవ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది పోయిరి. 1977 నవంబరు 19న దివిసీమమీదికి వచ్చిన ఉప్పెనలో సర్కారు లెక్క ప్రకారమే సుమారు పదివేలమంది మరణించిరి. అచటివారి అంచనా అంతకు మించినది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, నాగాయలంక పేర్లు ఆ వారములో దేశమంతట వినబడినవి. ఆ దినములను చూచినవారు నేటికిని నవంబరు మాసమున గాలి మారినచో రేడియో దగ్గరకు వచ్చి కూర్చుందురు. హెచ్చరిక అందిన ఊరు ఉన్నది, అందని ఊరు ఉన్నది, అందియు పోవుటకు ఎత్తైన చోటు లేని ఊరును ఉన్నది. ఈ మూటిలో మా వంటివారి పని మొదటిదానితోనే ముగియును. మూడవదానికి డబ్బు కావలెను. ఆశ్రయభవనములు, కరకట్టలు, రోడ్లు, వంతెనలు కావలెను. వానిని కట్టుట తరువాతి సంవత్సరములలో జరిగినది. 1990 మే 9న ఇంచుమించు అంతటి తుపానే కృష్ణాముఖమువద్ద తీరము దాటినది. ముందుగానే లక్షలాది జనులను తరలించినందున మృతుల సంఖ్య వేయికి లోపలనే నిలిచినది. అదియు తక్కువ కాదు. అయినను పదివేలకును వేయికిని నడుమ భేదమును చూచినప్పుడు, సొమ్ము చక్కగా ఖర్చైనచో ఏమగునో మనకు తెలియును.

అట్టి విషయములోనే 2013లో కాగ్ ఒక నివేదిక పార్లమెంటుకు ఇచ్చినది. దేశము విపత్తులకు ఎంత సన్నద్ధముగా నున్నదని దాని విచారణ. విపత్తుల నిర్వహణ చట్టము 2005లోనే వచ్చినది. ఆ చట్టము కోరిన జాతీయ ప్రణాళిక ఆరేండ్లు గడచినను తయారు కాలేదని, జాతీయ ప్రాధికార సంస్థ చేపట్టిన పెద్ద పథకములలో ఒక్కటియు పూర్తి కాలేదని ఆడిటువారు వ్రాసిరి. ఆ ప్రణాళిక తుదకు 2016లో వెలువడినది. నివేదిక వలననే వెలువడినదని చెప్పజాలము. కాని చట్టము చేసి మరచిపోయిన పనిని సభకు గుర్తుచేయుట యనగా నిట్టిదే. హంసలదీవి కట్టమీది రైతు ఆ నివేదికను చదివియుండడు. అది వ్రాసినవారు ఆ కట్టను చూచియుండకపోవచ్చును. అయినను ఇద్దరును అడిగిన ప్రశ్న ఒక్కటియే.

ఇక నీటిపారుదల పనుల వైపునకు వత్తము. 1952లో పాత ఆనకట్టలో కొంత భాగము కొట్టుకొనిపోగా, దాని చోట కట్టిన బ్యారేజి 1957 డిసెంబరులో ప్రారంభమైనది. టంగుటూరి ప్రకాశం పంతులు ఆ ఏటనే కాలధర్మము చెందియుండుటచేత ఆయన పేరు దానికి పెట్టిరి. దాని క్రింద సుమారు 13 లక్షల ఎకరముల ఆయకట్టు కలదు. పైన జలాశయములు పెరిగిన కొలది డెల్టాకు నీరు ఆలస్యముగా వచ్చుట, వచ్చిన నీరు పాడుబడిన కాలువలలో శివారు చేరకపోవుట మొదలైనవి. 2004 నుండి ఉమ్మడి రాష్ట్రములో జలయజ్ఞము పేరున 86 పథకములను సుమారు 1 లక్ష 86 వేల కోట్ల అంచనాతో చేపట్టిరి. కాలువల ఆధునీకరణ పనులును అందులో ఉన్నవి. కృష్ణా డెల్టాకు 4,573 కోట్లు మంజూరైనవి.

ఈ యజ్ఞము పద్దులను కాగ్ పరీక్షించి 2012 సంవత్సరపు నివేదికగా తయారుచేయగా, అది 2013లో సభ ముందుకు వచ్చినది. 26 పథకములను వివరముగా చూచిరి. సర్వేలు ముగియకముందే, భూసేకరణ జరుగకముందే, అటవీ పర్యావరణ అనుమతులు రాకముందే గుత్తలు కుదిర్చిరని అందు చెప్పిరి. పునాది లేని గోడకు సున్నము వేసినట్లున్నది ఆ వరుస. నమూనా తయారుచేయుట, కట్టుట రెండును గుత్తదారునకే అప్పగించు పద్ధతిలో అంచనా హెచ్చినచో ప్రశ్నించుటకు ఇంజనీరు చేతిలో ఏమి మిగులునన్నది అందలి ప్రధానమైన చర్చ. అయితే పథకములు మొదలైనది 2004లో, నివేదిక సభకు వచ్చినది 2013లో. మరు సంవత్సరము జూన్ 2న రాష్ట్రమే రెండుగా విడివడినది. ప్రశ్న అడుగవలసిన సభయు రెండైనది, జవాబు చెప్పవలసిన శాఖయు రెండైనది. తీర్పు వచ్చులోపల వాది ప్రతివాదులు ఊరు మారిన వ్యాజ్యము వలె నున్నది గదా!

డెల్టా ఆధునీకరణలో ఇంకొక చిక్కు ఉన్నది. దానిని బయటివారు గ్రహింపరు. కాలువలో నీరున్నంత కాలము లైనింగు పని చేయుటకు వీలులేదు. నీరు కట్టివేయు వేసవి రెండు మూడు నెలలే పనికి దొరకును. ఆ నెలలలో త్రాగునీటికి చెరువులు నింపవలెను, రెండవ పంట వేసినవారికి నీరియ్యవలెను. అందుచే ప్రతి ఏడును పనికి మిగులు దినములు కొద్ది. బడ్జెటు మార్చి 31తో ముగియును, కాలువ ఏప్రిలులో కట్టుదురు. లెక్కల సంవత్సరమునకును నీటి సంవత్సరమునకును ఈ పొత్తు కుదరనంత కాలము మురిగిపోయిన నిధులు, తొందరపాటు పనులు తప్పవు. సభలో ఒక సభ్యుడు గట్టిగా అడుగదగిన ప్రశ్న ఇది. ఇందులో ఏ పక్షమునకును అవమానము లేదు.

పట్టిసీమ ఎత్తిపోతల విషయము చెప్పకుండ ఈ ప్రసంగము ముగించినచో డెల్టా శ్రోతలు ఒప్పుకొనరు. గోదావరి నీటిని పోలవరము కుడికాలువ ద్వారా కృష్ణకు తెచ్చు ఆ పథకమును 2015 మార్చిలో ప్రారంభించి, కొద్ది నెలలలోనే నీరు వదలిరి. 24 పంపులు, 8,500 క్యూసెక్కులు. నాగార్జునసాగరము వైపు ఆశగా చూచుటకు అలవాటుపడిన డెల్టాకు గోదావరి నీరు వచ్చినది. నారుమళ్లు సకాలమున పడినవి. ఆడిటువారు మాత్రము గుత్తను ఆక్షేపించిరి. ఏడాదిలో ముగించినచో ఇచ్చు ప్రోత్సాహకముతో కలిపి అంచనాకన్న 21.9 శాతము హెచ్చు మొత్తమునకు పని అప్పగించియుండిరి. ఆ ఆక్షేపణ వార్తలలో వచ్చినప్పుడు మా పరిచయస్థులైన రైతులలో కొందరు కోపగించిరి. చేలోకి నీరు వచ్చిన తరువాత కాగితములతో పనియేమని వారి మాట. వారి కోపము మాకు అర్థమైనది. నీరు లేని ఆడిటు కన్న ఆక్షేపణ గల నీరు మేలని శివారు రైతు తలచుట సహజము. కాని ఆ హెచ్చు మొత్తమంతయు ఎచటి నుండి వచ్చినది? అదే సంచిత నిధి నుండి. అదే నిధి నుండి హంసలదీవి కరకట్టకును సొమ్ము రావలెను. ఒకచోట హెచ్చిన ప్రతి కోటియు వేరొకచోట తగ్గిన కోటియే. నీరు వచ్చుట నిజము, ప్రశ్న న్యాయము. రెండింటిని ఒక్కసారిగా పట్టుకొనుట కష్టమే కాని అసాధ్యము కాదు.

పోలవరము అంచనాయే చూడుడు. 2005-06 ధరలలో 10,151 కోట్లు. 2017-18 ధరలలో కేంద్ర సాంకేతిక సలహా సంఘము 2019లో అంగీకరించినది 55,548 కోట్లు. ఈ అంకెలను ప్రక్కప్రక్కన వేసి గుండెలు బాదుకొనుట సులభము. కాని రెండవ అంకెలో సగమునకు మించి భూసేకరణ, పునరావాసములకు చెందినది. 2013లో వచ్చిన భూసేకరణ చట్టము నిర్వాసితునకు హెచ్చు పరిహారము ఇమ్మన్నది. అందలి హెచ్చంతయు దుబారా కాదు. కొంత, పూర్వము ఇయ్యకుండ మిగుల్చుకొన్న బాకీ. పద్దును విప్పి చూచు కమిటీ లేనిచో ఏది బాకీయో ఏది దుబారాయో తేలదు. అంకె అరచినంత గట్టిగా అందలి వివరము అరవదు.

ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 2019 నుండి 2024 వరకు ప్రతిపక్ష సభ్యుడు పయ్యావుల కేశవ్ ప్రజాపద్దుల కమిటీకి అధ్యక్షులు. 2024 ఎన్నికలలో 175 స్థానములకు ప్రతిపక్షమునకు దక్కినవి 11. కమిటీకి శాసనసభ నుండి 9 మందిని ఎన్నుకొనవలెను. ఆ బలముతో ఒక్కరిని కూడ గెలిపించుకొనజాలమని తెలిసి, 2024 నవంబరులో ఆ పక్షము ఓటింగును బహిష్కరించినది. అధ్యక్షపదవి పాలక కూటమిలోని ఒక పక్షపు సభ్యునకు పోయినది. నిబంధన దాటినవారు ఎవరును లేరు. కాని 1967 నాటి ఆ మంచి సంప్రదాయము ఓట్ల లెక్కమీద ఆధారపడినంత కాలము ఇట్లే జరుగును. ఈనాడు ఆ పక్షమునకు, మరియొక నాడు ఈ పక్షమునకు. తన ఇంటి లెక్క తానే చూచుకొనువాడు నిజాయితీపరుడైనను పొరుగువానికి నమ్మకము కుదరదు.

ఆలస్యము ఇంతకన్న పెద్ద లోపము. పని జరిగిన రెండు మూడేండ్లకు ఆడిటు, అది సభకు వచ్చుటకు కొంతకాలము, కమిటీ చూచుటకు మరికొంత. కమిటీ సిఫారసు చేయునే గాని ఆజ్ఞ చేయజాలదు. కేంద్రములో నైనచో తీసికొన్న చర్యను శాఖ ఆరు మాసములలో తెలుపవలెనని నియమము. ఈలోపల ఏటి వరద ఆగదు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజికి 11 లక్షల 10 వేల క్యూసెక్కులు వచ్చినవి. శతాబ్దమునకు ఒకసారి వచ్చునదని అందరును అనుకొంటిమి. 2024 సెప్టెంబరులో 11 లక్షల 43 వేలు వచ్చినవి. 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు కొట్టుకొనిపోయినది. ఆ ప్రాజెక్టు 2013లోనే ప్రారంభమైనది, ఎనిమిదేండ్లు నిండలేదు. మన కంకిపాడువారైన డాక్టరు కె. ఎల్. రావు పేరు పెట్టుకొన్న జలాశయము అది. అదే సంవత్సరము నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువ ఊళ్లు కొట్టుకొనిపోయినవి. దివిసీమవారికి ఆ తేదీ వినగానే ఒళ్లు జలదరించియుండును. పక్షము గడువకముందే రాజ్యసభలో ఆనకట్టల భద్రతా బిల్లుపై చర్చలో, ఒక గేటు తెరచుకొనలేదన్న సంగతిని కేంద్ర జలశక్తి మంత్రి చెప్పిరి. ఒక చిన్న ప్రాజెక్టు గేటు సంగతి ఢిల్లీ సభకు ఎక్కుటకు అన్ని ప్రాణములు పోవలసివచ్చినది. క్రొత్త పనికి శంకుస్థాపన ఉండును, పలక ఉండును, ఫొటో ఉండును. గేటు గొలుసుకు గ్రీజు పూయుటకు శంకుస్థాపన ఉండదు. అందుచేత నిర్వహణ పద్దు ఎప్పుడును సన్నమే.

శంకుస్థాపన అన్నాము గనుక బందరు రేవును తలవకుండ ఉండలేము. 1611లో ఇంగ్లీషు కంపెనీవారు దిగిన రేవది. క్రొత్త రేవుకు 2008లో ఒక ముఖ్యమంత్రి, 2019లో వేరొక ముఖ్యమంత్రి, 2023లో మూడవ ముఖ్యమంత్రి పునాదిపనులు ప్రారంభించిరి. మూడవసారి ప్రకటించిన వ్యయము 5,156 కోట్లు. బందరువారు హాస్యప్రియులు. రాళ్లన్నిటిని పేర్చినచో సగము రేవు అయిపోయెడిదని వారిలో వారు అనుకొందురు.

సభల త్రోవ పొడవని తెలిసి కాబోలు, మన తెలుగునేలమీదనే ఒక దగ్గరి త్రోవ పుట్టినది. గ్రామీణ ఉపాధి హామీ పనులకు 2006 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ మొదలుపెట్టిరి. 2009లో దానికి ప్రత్యేకముగా ఒక సంస్థను ఏర్పరచిరి. మస్టరు రోలు తెచ్చి ఊరి నడుమ చదువుదురు. పని చేయనివాని పేరు వచ్చినచో ప్రక్కవాడు లేచి చెప్పును, చచ్చినవాని పేరు వచ్చినచో వాని కొడుకు చెప్పును. దేశములోని ఇతర రాష్ట్రములవారు దీనిని చూచి నేర్చుకొనుటకు వచ్చిరి. అందలి వసూళ్లు చెప్పినంతగా జరుగలేదన్న ఫిర్యాదు కలదు. అయినను కాకిలెక్కలను కాకి వాలిన చెట్టుక్రిందనే చదువుట అను పద్ధతి మంచిది. హంసలదీవికి తగినదియు అదియే. మునిగి లేచినచో ఏది హంసయో తెలిసిపోవును.

కరకట్ట పనికి మస్టరు రోలు చాలదు. దానికి ఎం-బుక్కు కావలెను. మట్టి ఎన్ని ఘనమీటర్లు పోసిరో ఇంజనీరు కొలిచి వ్రాయు పుస్తకమది. మట్టిపనికి ఒక గుణమున్నది. వాన పడినచో అణగును, అల తాకినచో జారును, వరద వచ్చినచో పోవును. పోయిన మట్టిని మరల కొలుచుటకు వీలులేదు. అందుచే ఎప్పుడు కొలిచిరి, రోలరు త్రొక్కిన తరువాతనా ముందా, వానకు ముందా వెనుకనా అన్నది ఎంత కొలిచిరన్నదానికన్న ముఖ్యము. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ఆ పుస్తకపు నకలును ఏ పౌరుడైనను కోరవచ్చును. పది రూపాయల రుసుము, ఒక తెల్లకాగితము, ముప్పది దినముల గడువు. అంచనా కాగితము, ఎం-బుక్కు పుట, చివరి బిల్లు ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టినచో కట్టమీది ప్రశ్నకు జవాబులో చాలభాగము దొరకును. దొరకని భాగమును నియోజకవర్గపు సభ్యునకు వ్రాసి ఇచ్చినచో సభలో ప్రశ్నగా అడుగవచ్చును. దానికి శాఖామంత్రి సమాధానము చెప్పక తప్పదు.

ఈ సంగతులన్నియు ఆనాడే మాకు తెలిసియుండినచో ఆ పెద్దరైతునకు చెప్పియుందుము. సాయంకాలము తిరిగి వచ్చునప్పుడు ఆయన కట్ట దిగువన, ఉప్పునీరు ఊరిన గుంటవద్ద నిలుచుండి, కఱ్ఱతో లోతు చూచుచు కనబడినాడు. మేము కారు ఆపమంటిమి. ఆయన మా వైపు చూచి, కఱ్ఱమీద తడి ఎంతవరకు ఎక్కినదో వ్రేలితో చూపి, మరల గుంటవైపు తిరిగినాడు.